మమ్మల్ని ముందుగా నమ్మినవాళ్లు

మా లెక్కల సార్‌కి ఒక అలవాటు ఉండేది, ప్రశ్న అడిగాక ఆగేవారు. ఏదో ఒక క్షణం ఆగి మళ్లీ మొదలెట్టడం కాదు, నిజంగానే ఆగేవారు. బోర్డు మీద లెక్క రాసి, చాక్‌పీసు కింద పెట్టి, వేళ్లకంటిన పొడి నెమ్మదిగా దులుపుకుంటూ కిటికీ దాకా వెళ్లి నిలబడేవారు. ఎవరి మొహంలోకీ చూసేవారు కాదు. ముందు బెంచీల వాళ్ల చేతులు టకటకా లేచిపోయేవి, "సార్ నేను, సార్ నేను" అని ఒకటే గోల, అయినా ఆయన "దించండమ్మా, ఇంకా ఆలోచిస్తున్నవాళ్లున్నారు" అనేవారు.

ఆలోచిస్తున్నవాళ్లు అంటే మేమే, వెనక బెంచీలవాళ్లం. మిగతా పీరియడ్లలో మా పేరు నిద్రమొహాలు, మొద్దులు, ఇంకా చాలా ఉండేవి. ఆయన క్లాసులో మాత్రం మేం ఆలోచిస్తున్నవాళ్లం. మొదట్లో మాకేం అర్థం కాలేదు, ఈయన మమ్మల్ని చూసి పొరబడుతున్నారేమో అనుకున్నాం. కానీ రోజూ అదే మాట వింటుంటే, ఇంతసేపు మనకోసం ఆగుతున్నారు కదా అని ఒకళ్లిద్దరం నోట్‌బుక్‌లో గీకడం మొదలెట్టాం, తర్వాత పక్కవాళ్లని అడగడం, తర్వాత ఒకరోజు చెయ్యెత్తడం. అలా ఎప్పుడు మారామో కూడా తెలీదు.

చాలా ఏళ్లకి నేనూ ఇదే వృత్తిలోకొచ్చి ట్రైనింగ్ తీసుకునేటప్పుడు మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలి గురించి చదివాను. ఆవిడ సైన్స్ క్లాసుల్ని టేపుల్లో రికార్డు చేసి, ఒక్కో మౌనం ఎంతసేపుందో కొలిచారంట. 1970ల్లో ఆవిడ రాసినదాని ప్రకారం టీచర్లు ప్రశ్న అడిగి ఆగేది సగటున 1 సెకను, అంతే. పిల్లవాడు నోరు తెరిచేలోపు ఇంకొకరిని అడగడమో, జవాబు వాళ్లే చెప్పేయడమో జరిగిపోతుంది. అదే 3 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయి, "తెలీదు" అనేవాళ్లు తగ్గుతారు, మామూలుగా నోరెత్తనివాళ్లు కూడా మాట్లాడతారు. అది చదువుతుంటే నాకు కళ్ల ముందు కిటికీ దగ్గర నిలబడ్డ సారే కనిపించారు. ఆయనకి ఈ పరిశోధన తెలిసే అవకాశం లేదనే అనుకుంటున్నా. పిల్లల మీద గౌరవం ఉన్న మనిషి కాబట్టి ఆగారు, అంతే.

ఒక రోజు సంగతి బాగా గుర్తుంది. భిన్నాల కూడిక. సగం, మూడోవంతు కలిపితే ఎంత అని అడిగారు. మా పక్క బెంచీ అమ్మాయి, ఆ ఏడాదంతా ఒక్కసారి కూడా నోరు విప్పని పిల్ల, లేచి "రెండు బై అయిదు" అంది. పైవి పైవి కలిపేసింది, కిందవి కిందవి కలిపేసింది. క్లాసులో కిసుక్కున నవ్వు మొదలైంది. సార్ నవ్వేవాళ్ల వైపు ఒక్క చూపు చూశారు, ఆగిపోయింది. తర్వాత ఆ రెండు బై అయిదు బోర్డు మీద అందంగా రాసి, "ఏమ్మా, మన దగ్గర ముందే సగం ఉంది కదా, దానికి ఇంకొంచెం కలిపాం, ఇప్పుడు మన దగ్గరున్నది సగం కంటే ఎక్కువుండాలా తక్కువుండాలా?" అన్నారు. "ఎక్కువ సార్." "మరి రెండు బై అయిదు సగం కంటే ఎక్కువా తక్కువా?" ఆ పిల్ల బోర్డు వైపే చూస్తూ నిలబడింది, సార్ మళ్లీ కిటికీ దగ్గరికెళ్లిపోయారు. కాసేపటికి "తక్కువ సార్... అయితే ఇది కుదరదు సార్" అంది, అనేసి తనే ఆశ్చర్యపోయింది. అప్పుడాయన క్లాసు వైపు తిరిగి, "చూశారా, జవాబు తప్పని నేను చెప్పలేదు, తనే కనిపెట్టింది, ఇక ఆరోవంతుల్లోకి మార్చి చూద్దాం రండి" అని చాక్‌పీసు ఆ అమ్మాయి చేతికే ఇచ్చారు. అయిదు బై ఆరు తనే వేసింది.

తప్పు చెప్పినా ఆ క్లాసులో పరువు పోదు అని మా అందరికీ ఆరోజు అర్థమైంది. ఒక్క పిల్లతో ఆయన ఎలా ప్రవర్తించారో నలభై మందిమీ చూశాం కదా. ఇది చాలామంది టీచర్లు గమనించరు, ఒకరిని తిట్టినా ఒకరిని ఆదుకున్నా, మిగతా క్లాసంతా అక్కడే కూర్చుని నోట్ చేసుకుంటూ ఉంటుంది, రేపు నా వంతొస్తే ఏంటి అని.

అలాగని సార్ మెత్తటి మనిషేం కాదు. హోంవర్క్ తేకపోతే ఊరుకునేవారు కాదు, ఇంటర్వెల్‌లో కూర్చోబెట్టి చేయించేవారు, ఎంత బతిమాలినా వదిలేవారు కాదు. కానీ చేయిస్తూ పక్కనే కూర్చునేవారు, వదిలేసి స్టాఫ్‌రూమ్‌కి పోయేవారు కాదు. ఇంకోటి, ఆయనే ఒక్కోసారి బోర్డు మీద గుర్తు పొరపాటున వేసేవారు, మైనస్ బదులు ప్లస్సు, అలా. ఎవరైనా పట్టుకుంటే "శభాష్, నేను చూసుకోలేదు, నువ్వు చూశావు" అని అక్కడికక్కడే దిద్దేవారు. పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోవడం మాకు అదే మొదటిసారి చూడటం. అంతకుముందు మాకు తెలిసిన పెద్దవాళ్లు ఎవరూ అలా ఒప్పుకోలేదు మరి.

మా సైన్స్ టీచర్ పద్ధతి వేరు. ఆవిడ గలగలా మాట్లాడేవారు, మౌనాలు గీనాలు ఉండేవి కావు, కానీ ఒక మాటిచ్చారంటే తప్పేవారు కాదు. ఎవరైనా ఆవిడకి తెలియని ప్రశ్న అడిగితే "ఇది నాకు ఇప్పుడు తెలీదురా, రేపు చెప్తా" అని చిన్న కాగితం ముక్క మీద ప్రశ్న రాసుకుని, పక్కన అడిగినవాళ్ల పేరు కూడా రాసి, హాజరు పుస్తకంలో పెట్టుకునేవారు. మర్నాడు హాజరు తీయడానికి పుస్తకం తెరవగానే ఆ కాగితం బయటపడేది. పేర్లు పిలవక ముందే ఆ ప్రశ్న సంగతి తేల్చేవారు. ఒకసారి ఎవరో అడిగారు, గట్టి వస్తువులు బరువుగా ఉంటాయి కదా, మరి ఐసు నీళ్లమీద ఎందుకు తేలుతుంది అని. మర్నాడు కాగితం తీసి, నీళ్లు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతాయి, అదే బరువు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి తేలుతుంది అని బొమ్మ గీసి చెప్పి, ఆ కాగితం అడిగినవాడి చేతికిచ్చేశారు. వాడు దాన్ని సైన్స్ పుస్తకంలో చాలాకాలం దాచుకున్నాడు. నేనడిగిన ప్రశ్న ఒక పెద్దమనిషి ఇంటికి తీసుకెళ్లి, గుర్తు పెట్టుకుని, వెతికి, మళ్లీ తెచ్చిచ్చింది అనే ఫీలింగ్ ఉందే, అది ఎన్ని ప్రైజులిచ్చినా రాదు.

నోట్సులు దిద్దడం కూడా అంతే. ఆవిడ అడ్డంగా ఇంటూ కొట్టేవారు కాదు. తప్పు మొదలైన లైను పక్కన మార్జిన్‌లో చిన్న చుక్క పెట్టేవారు, కింద "ఇక్కడిదాకా బాగుంది, ఇక్కడ మళ్లీ చూడు, నువ్వు దిద్దగలవు" అని రాసేవారు. అందరికీ ఒకే మాట కాదు, కొందరికి "బొమ్మ చాలా శుభ్రంగా వేశావు, వివరణ మాత్రం దానికి తగ్గట్టు లేదు" అని ఉండేది. నోట్సులు వెనక్కొచ్చిన రోజు మేం మార్కులు తర్వాత చూసుకునేవాళ్లం, ముందు ఏం రాశారో చదువుకునేవాళ్లం, ఒకరిది ఒకరం లాక్కుని మరీ.

దీని మీద కూడా తర్వాత ఒక అధ్యయనం చదివాను, అమెరికాలో డేవిడ్ యేగర్, జెఫ్రీ కోహెన్ ఇంకా కొందరు కలిసి చేసింది, 2014లో అచ్చయింది. ఏడో తరగతి పిల్లలు రాసిన వ్యాసాల్ని టీచర్లు మామూలుగానే దిద్దారు. తర్వాత కొందరి పేపర్ల మీద ఒక చిన్న చీటీ అంటించారు, నీ దగ్గర్నుంచి నేను చాలా ఎక్కువ ఆశిస్తున్నా, నువ్వు దాన్ని అందుకోగలవని నాకు తెలుసు, అందుకే ఇవన్నీ రాస్తున్నా అనే అర్థంలో. మిగతావాళ్లకి మామూలు చీటీ, ఇవి నీ వ్యాసం మీద వ్యాఖ్యలు అని. మొదటిరకం చీటీ అందినవాళ్లలో వ్యాసం మళ్లీ తిరగరాసి ఇచ్చినవాళ్లు ఎక్కువమంది. ఆ తేడా నల్లజాతి పిల్లల్లో బాగా కనిపించింది, అందులోనూ బడి మీద నమ్మకం తగ్గిపోయిన పిల్లల్లో ఇంకా. నాకిది చాలా ముఖ్యమైన విషయం అనిపిస్తుంది. ఎర్ర ఇంకు చూడగానే "ఈవిడకి నేనంటే పడదు" అనుకునే పిల్లలుంటారు, వాళ్లకి ఆ ఎర్ర ఇంకు ఎందుకు పడిందో చెప్పాలి. తప్పులు చూపించకుండా వదిలేయడం ప్రేమ కాదు, చూపించి ఊరుకోవడమూ కాదు.

ఇప్పుడు రేడియో పిల్లాడి గురించి చెప్పాలి. మా క్లాసులో ఒకడుండేవాడు, స్కూల్లో ఏం పోయినా ఏం పగిలినా ముందు వాడినే పిలిచేవాళ్లు. సగంసార్లు వాడికి సంబంధమే ఉండేది కాదు. వాడూ అలవాటుపడిపోయాడు, పిలవగానే లేచి నిలబడేవాడు, ఎందుకని కూడా అడిగేవాడు కాదు. వాళ్ల నాన్న రేడియోలు బాగుచేసేవారు. ఈ సంగతి మా సైన్స్ టీచర్‌కి ఎలా తెలిసిందో గానీ, ఒకరోజు క్లాసయ్యాక వాడిని ఆపి "ఒరేయ్, మా ఇంట్లో రేడియోకి బటన్ తిప్పితే తిరుగుతోంది గానీ ముల్లు కదలట్లేదు, ఏమయ్యుంటుందంటావ్?" అని అడిగారు. వాడు ముందు అనుమానంగా చూశాడు, ఇదేదో తనని ఇరికించే ప్రశ్నేమో అని. తర్వాత మెల్లగా చెప్పాడు, "లోపల దారం ఉంటది టీచర్, బటన్ ఇరుసుకి చుట్టి, పెద్ద చక్రం మీదుగా వచ్చి ముల్లుని లాగుద్ది, అది వదులైతే బటన్ ఒక్కటే తిరుగుద్ది. స్ప్రింగు చూడాలి." చెప్తూ చెప్తూ రెండు చేతులతో గాల్లోనే ఆ దారం ఎలా చుట్టాలో చూపించాడు. మేం గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాం, వాడు అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం ఎవ్వరం వినలేదు.

తర్వాత రోజూ కాసేపు, రెండు నిమిషాలో మూడు నిమిషాలో, ఆవిడ వాడితో మాట్లాడేవారు. చదువు గురించి కాదు, మార్కుల గురించి అసలే కాదు. రేడియో, దాని వాసన, సోల్డరింగ్ ఎలా పెడతారు, వేడి ఎక్కువైతే ఏం పాడవుతుంది, ఇవే. అమెరికాలో రేమండ్ వ్లాడ్కోవ్‌స్కీ అనే ఆయన దాదాపు ఇదే పద్ధతి చెప్పారని తర్వాత తెలిసింది, క్లాసులో బాగా ఇబ్బంది పెట్టే పిల్లవాడితో రోజుకి 2 నిమిషాలు, వరసగా 10 రోజులు, వాడికిష్టమైన విషయం మీద మాట్లాడండి అని. మా టీచర్ అయితే పది రోజులకి ఆపలేదు. విద్యుత్తు పాఠం వచ్చినప్పుడు వాడినే ముందుకి పిలిచి సర్క్యూట్ కట్టించారు. బల్బు వెలగలేదు. ఒకడు వెనక నుంచి ఏదో అన్నాడు. వాడు పట్టించుకోకుండా వైరు కొస మీద పూత గీకి మళ్లీ బిగించాడు, వెలిగింది. "పైన పూత ఉంటే కరెంటు పోదు టీచర్" అన్నాడు. "ఈ మాట పాఠంలో లేదు, అందరూ రాసుకోండి" అన్నారావిడ. వాడు చెప్పిన వాక్యం మా అందరి నోట్సుల్లో ఉంది.

ఆ ఏడాది వాడు క్లాసు ఫస్ట్ రాలేదు. పాసయ్యాడు, అన్నిట్లో. బడి మానేస్తాడని అందరూ అనుకున్నవాడు మానలేదు.

నమ్మకం ఎంత తొందరగా పోతుందో కూడా చూశాం. ఇంకో టీచర్ ఉండేవారు, పేరొద్దు. మా స్నేహితురాలు ఇంట్లో గొడవల వల్ల చదవలేకపోతున్నానని ఆయన దగ్గరికెళ్లి విడిగా చెప్పుకుంది, చాలా ధైర్యం తెచ్చుకుని వెళ్లింది, నేనే గుమ్మం దాకా తోడెళ్లాను. పరీక్ష పేపర్లిచ్చే రోజు ఆయన క్లాసందరి ముందూ "ఏం, ఇంట్లో ఇంకా గొడవలేనా?" అనేశారు. బహుశా ఆయనకి అది చిన్న మాటే అయ్యుంటుంది. తను తలదించుకుని పేపరు తీసుకుంది. ఆరోజు నుంచి ఆ సబ్జెక్టులో ఒక్క డౌటు అడగలేదు, తనే కాదు, మేమెవ్వరం అడగలేదు. పిల్లలు చెప్పిన సంగతి పిల్లలది, దాన్ని మనకి దాచమని ఇచ్చారంతే, ఇది టీచర్లందరికీ మొదటిరోజే చెప్పాలి అని నాకు గట్టిగా అనిపిస్తుంది. ప్రాణానికో భద్రతకో ప్రమాదం ఉంటే చెప్పాల్సినవాళ్లకి చెప్పాలి, తప్పదు, అప్పుడైనా ఆ పిల్లకి ముందుగా చెప్పి మరీ చెప్పాలి.

టీచర్ల ట్రైనింగుల్లో ఒక పాత ప్రయోగం గురించి తరచుగా చెప్తుంటారు. రాబర్ట్ రోసెంథాల్ అనే సైకాలజిస్టు, లెనోర్ జాకబ్సన్ అనే స్కూల్ ప్రిన్సిపాల్ కలిసి చేసి 1968లో ప్రచురించారు. ఒక ప్రైమరీ స్కూల్లో పిల్లలకి పరీక్ష పెట్టి, ఈ పిల్లలు ఈ ఏడాది బాగా ముందుకొస్తారు అని టీచర్లకి కొన్ని పేర్లిచ్చారు. అసలా పేర్లు లాటరీ తీసినట్టు తీసినవే, సుమారు 20 శాతం మందివి. ఏడాది చివర చూస్తే చిన్న తరగతుల్లో, ఒకటి రెండు తరగతుల్లో, ఆ పిల్లలు నిజంగానే మిగతావాళ్ల కంటే ఎక్కువ ముందుకెళ్లారు. ఆ లెక్కల మీద తర్వాత చాలామంది అభ్యంతరాలు చెప్పారు, ప్రభావం అంత పెద్దది కాదన్నవాళ్లూ ఉన్నారు, ఆ వాదన వాదనే. నేను మాత్రం దీన్ని ఇలా తీసుకుంటా, మనం ఎవరి గురించి ఏమనుకుంటున్నామో అది మన నోట్లోంచి రాకపోయినా మన ఒంట్లోంచి వచ్చేస్తుంది. ఎవరి దగ్గర ఎంతసేపు ఆగుతాం, ఎవరి జవాబుకి తలూపుతాం, ఎవరి నోట్సు చివర్లో హడావిడిగా దిద్దుతాం, పిల్లలు ఇవన్నీ చదివేస్తారు, అక్షరాలు రాని పిల్లలు కూడా.

ఫ్రెంచ్ రచయిత ఆల్బెర్ కామూ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి. నాన్న మొదటి ప్రపంచ యుద్ధంలో పోయారు, అమ్మకి చదువు రాదు, సరిగా వినపడదు, ఇళ్లలో పనిచేసి పిల్లల్ని సాకింది. ఇంట్లో పెత్తనం అమ్మమ్మది, పిల్లాడు తొందరగా పనిలో చేరి నాలుగు రాళ్లు తెస్తే చాలని ఆవిడ ఆలోచన. లూయీ జెర్మెన్ అనే ప్రైమరీ టీచర్ వాళ్లింటికెళ్లి ఒప్పించారు, స్కాలర్‌షిప్ పరీక్షకి డబ్బులు తీసుకోకుండా అదనంగా పాఠాలు చెప్పారు. 1957లో సాహిత్యంలో నోబెల్ వచ్చాక, నవంబర్ 19న, కామూ ఆయనకి ఉత్తరం రాశారు, ఈ వార్త తెలియగానే అమ్మ తర్వాత మొదట గుర్తొచ్చింది మీరే అని. ప్రపంచమంతా పొగుడుతున్న టైములో ఆ మనిషికి చిన్నప్పుడు ఇంటి గుమ్మం దాకా వచ్చిన మాస్టారు గుర్తొచ్చారు. అందరు పిల్లలకీ నోబెల్ రాదు, అందరూ ఉత్తరాలు రాయరు, కానీ అలాంటి మనిషొకరు ఎదురైన పిల్లలు మన చుట్టూ చాలామందే ఉన్నారు.

నేను పాఠాలు చెప్పడం మొదలెట్టినప్పుడు లెక్కల సార్‌లా ఆగుదామని చూశాను, అమ్మో, ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. క్లాసులో మూడు సెకన్లు నిశ్శబ్దంగా నిలబడటం చాలా పెద్దగా అనిపిస్తుంది, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. సైన్స్ టీచర్ కాగితాల పద్ధతి మాత్రం నాకు వెంటనే అబ్బింది, ఇప్పటికీ నా హాజరు పుస్తకంలో ఎప్పుడూ రెండు మూడు చీటీలుంటాయి. కొత్తగా చేరిన టీచర్లు "పిల్లలు మన మాట వినాలంటే ఏం చేయాలి" అని అడుగుతుంటారు. ముందు వాళ్ల మాట మీరు వినండి, వారం పదిరోజుల్లో అందరి పేర్లూ నేర్చుకోండి, ఒక్కో పేరునీ పలకాల్సినట్టు పలకండి, చెప్తానన్నది మర్నాడు చెప్పండి అంటుంటాను. గొప్ప టెక్నిక్ ఏదో చెప్తానని ఆశపడినవాళ్ల మొహం కొంచెం వాడుతుంది. ఏడాది చివర్లో వాళ్లే వచ్చి ఫలానా పిల్లాడు మాట్లాడాడు మేడం అని చెప్తారు.

ఈమధ్య మా సైన్స్ టీచర్‌ని కలిశాను. రిటైరై చాలాకాలమైంది, చూపు మందగించింది, గొంతు మాత్రం అదే గలగల. నా ఉద్యోగం గురించి అడిగారు, నా క్లాసులో పిల్లల గురించి అడిగారు, తర్వాత "ఆ రేడియో పిల్లాడు ఎక్కడున్నాడమ్మా?" అన్నారు. ఇప్పుడు ఆసుపత్రుల్లో మెషీన్లు రిపేర్ చేస్తాడు టీచర్, దానికి సంబంధించిన కోర్సే చదివాడు అని చెప్పి, ఫోన్ కలిపి ఆవిడ చేతికిచ్చాను. వాడు "హలో" అన్నాడో లేదో ఆవిడ మొదలెట్టేశారు, "ఒరేయ్, మా ఇంట్లో పాతది ఇంకా ఉంది, ముల్లు మళ్లీ ఆగిపోయింది, నువ్వు చెప్పావు కదా దారమని, ఇప్పుడా దారం దొరుకుతుందా?" అని. అటునుంచి వాడు పెద్దగా నవ్వడం నాకు వినపడింది, తర్వాత దారం దొరక్కపోతే దాని బదులు ఏది వాడొచ్చో, ఎన్ని చుట్లు చుట్టాలో, స్ప్రింగుకి ఎక్కడ ముడి వేయాలో చెప్పడం మొదలెట్టాడు, ఆవిడ నన్ను కాగితం అడిగి రాసుకుంటూ కూర్చున్నారు, మధ్యమధ్యలో "ఆగు, ఆగు, మళ్లీ చెప్పు" అంటూ. వచ్చే ఆదివారం వచ్చి నేనే చేసి పెడతా టీచర్ అన్నాడు వాడు.